భయం ఒకచోట, చట్టం మరోచోట



ఫోరెన్సిక్ మెడిసిన్ మాస్టారి పేరిట ఈ ఉపన్యాస నిధిని ఏర్పాటు చేసిన ఆయన శిష్యులు నన్ను పిలిచేటప్పుడే ఒక షరతు పెట్టారు. ఆయన్ని పొగడవద్దు, ఆయనకు ఇష్టమైన విషయం మాట్లాడండి అన్నారు. ఫోరెన్సిక్ మెడిసిన్ అంటే శవపరీక్ష గదే అనుకునే రోజుల్లో, చనిపోయినవాళ్ళ దగ్గర కంటే బతికున్న రోగి మంచం పక్కనే డాక్టరుకి చట్టంతో ఎక్కువ పని అని ఆయన చెబుతుండేవారు. ఆ మాట పట్టుకునే ఈ సాయంత్రం మాట్లాడతాను. వైద్యం చేసేవాళ్ళకి తమ వృత్తిని నడిపే చట్టం ఎంతవరకు తెలుసు? వైద్యం చేసేవాళ్ళంటే డాక్టర్లు ఒక్కరే అనుకోవద్దు. నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, స్కానింగ్ సెంటర్ల వాళ్ళు, కౌంటర్లో రసీదు రాసే గుమాస్తా కూడా ఈ లెక్కలోకి వస్తారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బొత్తిగా తెలియకపోతే కొంత నయం, అడిగి తెలుసుకుంటారు. మనవాళ్ళకి తెలిసింది తారుమారుగా తెలుసు. చట్టం తమకు అండగా నిలబడేచోట హడలిపోతారు. చట్టం నిజంగా నిలదీసేచోట నిశ్చింతగా ఉంటారు.

ముందు క్యాజువాలిటీ గుమ్మం దగ్గర మొదలుపెడదాం. హైవే పక్కనున్న నర్సింగ్ హోముకి రాత్రివేళ ఆటోలో రక్తమోడుతున్న మనిషిని తెస్తారు. "ఇది ఎమ్మెల్సీ కేసండీ, మేం తీసుకోకూడదు, పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి" అనే మాట మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వినని ఊరు లేదు. మెడికో లీగల్ కేసుని ప్రైవేటు ఆసుపత్రి ముట్టుకోకూడదని ఏ చట్టంలోనూ లేదు. ఉన్నది దానికి సరిగ్గా వ్యతిరేకం. కారు గుద్దిన ఒక స్కూటరిస్టుని దగ్గరి ఆసుపత్రికి తీసుకెళ్తే, ఇలాంటి కేసులు చూసే అధికారం మాకు లేదని 20 కిలోమీటర్ల దూరంలోని మరో ఆసుపత్రికి పంపారు. అతను దారిలోనే చనిపోయాడు. ఆ వార్త పేపర్లో చూసి పరమానంద్ కటారా అనే ఆయన సుప్రీంకోర్టుకి వెళ్ళారు. 1989 ఆగస్టులో కోర్టు తేల్చిచెప్పింది: ప్రభుత్వ డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా ముందు ప్రాణం కాపాడాలి, పోలీసు లాంఛనాలేవీ దానికి అడ్డురాకూడదు. అదే తీర్పులో డాక్టర్ల గోడు కూడా విన్నది. సాక్ష్యం పేరుతో వాళ్ళని ఊరికే పోలీసు స్టేషన్లకు, కోర్టులకు తిప్పవద్దని హితవు చెప్పింది. తీర్పులో ఈ రెండో సగం మన డాక్టర్లలో చాలామంది చదవనే లేదని నా అనుమానం. చదివి ఉంటే మొదటి సగానికి అంతగా భయపడేవారు కాదు.

1996లో కలకత్తా నుంచి మరో కేసు వచ్చింది. రైల్లోంచి పడి తలకు దెబ్బ తగిలిన ఒక కూలీని ఒక్కో ప్రభుత్వ ఆసుపత్రికీ తిప్పారు. ఒకచోట మంచం లేదు, మరోచోట వసతి లేదు. చివరికి ప్రైవేటు ఆసుపత్రిలో వైద్యం చేయించుకున్నాడు. మంచాల్లేవన్న సాకు రాజ్యాంగం ముందు చెల్లదని, ప్రభుత్వం 25,000 రూపాయల పరిహారం చెల్లించాలని సుప్రీంకోర్టు అన్నది. ఇంతకీ ఎమ్మెల్సీ అంటే డాక్టరు చేయవలసిన పని ఎంత? రిజిస్టర్లో గాయాలు వివరంగా రాయడం, పోలీసులకు ఇంటిమేషన్ పంపి దాని నకలు దాచుకోవడం, బట్టలు, బుల్లెట్లు, కడుపు కడిగిన నీళ్ళు లాంటివి ఉంటే సీలు వేసి అప్పగించడం. పది నిమిషాల పని. గాయపడినవాణ్ణి తెచ్చిన దారినపోయే మనిషిని నిలబెట్టి పేరు, ఊరు చెప్పమని వేధించకూడదని 2019లో మోటారు వాహనాల చట్టంలోనే చేర్చారు. ఆ సంగతి క్యాజువాలిటీ గుమాస్తాకి ఎవరు చెప్పారు?

అత్యాచార బాధితురాలు వచ్చినప్పుడు జరిగేది ఇంకా దారుణం. "ఎఫ్ఐఆర్ తెచ్చారా?" అన్నది మొదటి ప్రశ్న. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 397వ సెక్షన్ ప్రకారం ప్రతి ఆసుపత్రీ, ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, ఆమెకు వెంటనే ఉచితంగా చికిత్స చేయాలి, ఆ సంగతి పోలీసులకు తెలియజేయాలి. పోలీసు కాగితం కోసం ఆమెను వెనక్కి పంపితే ఆసుపత్రి బాధ్యుడికి ఏడాది వరకు జైలు శిక్ష పడవచ్చు. పాత చట్టాల్లోనూ 2013 నుంచి ఇదే ఉంది. బాధితురాలికి రెండు వేళ్ళ పరీక్ష చేస్తే దుష్ప్రవర్తన కింద లెక్కగట్టాలని సుప్రీంకోర్టు 2022 అక్టోబరులో చెప్పాక కూడా కొన్నిచోట్ల ఆ పరీక్ష రాసే పాత ప్రొఫార్మాలు బీరువాల్లోంచి పోలేదు.

మైనరు బాలిక గర్భంతో వస్తే గైనకాలజిస్టుకి ఇంకో భయం. పోక్సో చట్టం 19వ సెక్షన్ కింద పోలీసులకు చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు పడవచ్చు. చెబితే ఆ పిల్ల, వాళ్ళమ్మ మళ్ళీ గుమ్మం తొక్కరు, ఏ నాటువైద్యుడి దగ్గరికో పోతారు. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు ఈ చిక్కుముడి విప్పింది. ఇష్టపూర్వక సంబంధంలో గర్భం వచ్చి, అబార్షన్ కోసం వచ్చిన మైనరు బాలిక, ఆమె సంరక్షకులు కోరితే, పోలీసులకిచ్చే సమాచారంలో పేరు, వివరాలు వెల్లడించనక్కరలేదని చెప్పింది. అవివాహిత మహిళలకూ 24 వారాల వరకు అబార్షన్ చట్టం వర్తిస్తుందని చెప్పిన తీర్పుగానే అది పేపర్లలో వచ్చింది. డాక్టర్లకు పనికొచ్చే ఈ భాగం చాలామందికి చేరలేదు.

ఇక అరెస్టు భయం. 2005 ఆగస్టు 5న వచ్చిన జేకబ్ మాథ్యూ తీర్పు పేరు వినని డాక్టరు ఉండరు, అందులో ఏముందో చెప్పగలిగినవాళ్ళు కొద్దిమందే. లుధియానాలో ఊపిరాడక అవస్థ పడుతున్న రోగికి తగిలించిన ఆక్సిజన్ సిలిండరు ఖాళీగా ఉంది. మరోటి తెచ్చి బిగించేలోగా ప్రాణం పోయింది. పోలీసులు డాక్టర్ల మీద క్రిమినల్ కేసు పెట్టారు. సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. పరిహారం చెల్లించాల్సినంత నిర్లక్ష్యం వేరు, జైలుకి పంపాల్సినంత ఘోర నిర్లక్ష్యం వేరు అన్నది. నిర్ణయం తప్పడం, ఆపరేషన్ ఫలించకపోవడం వాటంతటవే నిర్లక్ష్యం కావన్నది. మరో డాక్టరు అభిప్రాయం, వీలైతే ప్రభుత్వ డాక్టరుది, తీసుకోకుండా విచారణాధికారి డాక్టరు మీద ముందుకెళ్ళకూడదు. ఫిర్యాదు వచ్చింది కదా అని అరెస్టు చేయకూడదు. 2022 మార్చిలో రాజస్థాన్‌లోని లాల్సోట్‌లో ప్రసవానంతర రక్తస్రావంతో ఒక తల్లి చనిపోతే, డాక్టరు మీద ఏకంగా హత్య కేసు రాశారు. ఆ డాక్టరు ఆత్మహత్య చేసుకుంది. అప్పటికి ఆ తీర్పు వచ్చి పదహారేళ్ళు దాటింది. పోలీసులు దాన్ని పక్కనబెట్టారు, నిజమే. స్టేషన్‌కి వెళ్ళి దాని ప్రతిని ఎస్సై బల్ల మీద పెట్టగలిగే మనిషి ఇండియన్ మెడికల్ అసోసియేషన్ (ఐఎంఏ) శాఖకొకరైనా మన ఊళ్ళలో ఉన్నారా?

2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చాక, కొత్త చట్టంలో డాక్టర్లకు జైలు పెట్టారంటూ వాట్సాప్‌లో గగ్గోలు పుట్టింది. నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే పాత చట్టంలో అందరికీ రెండేళ్ళే. కొత్త చట్టం 106వ సెక్షన్ మిగతావాళ్ళకి దాన్ని అయిదేళ్ళకు పెంచింది, వైద్యం చేస్తున్న రిజిస్టర్డ్ డాక్టరుకి మాత్రం రెండేళ్ళ దగ్గరే ఉంచింది. గగ్గోలు పెట్టినవాళ్ళలో ఎంతమంది ఆ సెక్షన్ చదివారో నాకు సందేహమే. ఆసుపత్రి మీద దాడి చేస్తే మూడేళ్ళ వరకు జైలు, పగలగొట్టిన సామాను విలువకు రెట్టింపు వసూలు అని మన ఉమ్మడి రాష్ట్రం 2008లోనే చట్టం చేసింది. దాడి జరిగిన మర్నాడు ధర్నాకి కూర్చునేవాళ్ళు ముందురోజు రాత్రి ఇచ్చిన ఫిర్యాదులో ఆ చట్టం పేరు రాయకపోవడం నేను చూశాను.

ఐసీయూ సంగతి చూద్దాం. ఇక లాభం లేదని డాక్టరుకి తెలుసు, ఇంటివాళ్ళకీ తెలుసు. వెంటిలేటర్ తీస్తే హత్య అవుతుందన్న భయంతో ఇంటివాళ్ళ చేత, వైద్య సలహాకు విరుద్ధంగా తీసుకెళ్తున్నామనే "లామా" కాగితం మీద సంతకం పెట్టించి, చేతిపంపుతో గాలి కొడుతూ అంబులెన్సులో ఇంటికి పంపేస్తారు. గుమ్మం దాకా ఊపిరి ఉంటే చాలని అందరి ప్రార్థన. 2018 మార్చి 9న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం దీనికి గౌరవమైన దారి చూపింది. 2023 జనవరిలో ఆ దారిని సులువు చేసింది. రోగి ముందే రాసిపెట్టుకున్న పత్రం ఉన్నా లేకపోయినా, ఆసుపత్రిలోనే రెండు వైద్య బోర్డులు చూసి, కుటుంబ అంగీకారంతో చికిత్స ఉపసంహరించుకోవచ్చు. మేజిస్ట్రేటు అనుమతి అక్కరలేదు, తెలియజేస్తే చాలు. ఈ బోర్డులు ఏర్పాటు చేసుకున్న ఆసుపత్రులు మన జిల్లాల్లో ఎన్ని?

ఇంతవరకు అనవసరపు భయాల గురించి చెప్పాను. ఇప్పుడు భయపడాల్సిన చోట్లకి వస్తాను. అందులో మొదటిది అంగీకార పత్రం.

ఆపరేషన్‌కి ముందు సంతకం పెట్టించుకునే కాగితం మీ అందరికీ తెలిసిందే. చాలాచోట్ల అది ఇంగ్లీషులో అచ్చయి ఉంటుంది. "ఏమి జరిగినా డాక్టర్లు గానీ యాజమాన్యం గానీ బాధ్యులు కారు" అని కింద ఒక వాక్యం. ఆ వాక్యం ఉంటే బతికిపోయామని యాజమాన్యాల నమ్మకం. కోర్టులో దానికి చిల్లిగవ్వ విలువ లేదు. నిర్లక్ష్యం చేసే హక్కుని ఎవరూ ఎవరికీ రాసివ్వలేరు. ఆపరేషన్ పేరు రాసే గీత ఖాళీగా ఉంటుంది, తర్వాత నింపుకోవచ్చులే అని. వేలిముద్ర వేసిన ఆవిడకు ఏం చెప్పారో, ఎవరు చెప్పారో, ఏ భాషలో చెప్పారో ఎక్కడా ఉండదు.

2008 జనవరిలో వచ్చిన తీర్పు ప్రతి సర్జనూ చదవాలి. నలభై నాలుగేళ్ళ అవివాహిత అధిక రక్తస్రావంతో ఢిల్లీలో ఒక గైనకాలజిస్టు దగ్గరికి వెళ్ళింది. కడుపులోకి గొట్టం పంపి చూసే పరీక్షకు ఒప్పుకుంది. ఆమె మత్తులో ఉండగా సహాయ డాక్టరు బయటికొచ్చి తల్లి చేత సంతకం పెట్టించుకుంది, డాక్టరు గర్భసంచి, అండాశయాలు తీసేసింది. రోగి మేలు కోరే చేశాననీ, మళ్ళీ కోత, మళ్ళీ మత్తు, మళ్ళీ ఖర్చు ఎందుకనీ డాక్టరు వాదన. ఈ వాదన మన థియేటర్లలో రోజూ వినిపించేదే. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. పరీక్షకు ఇచ్చిన అంగీకారం ఆపరేషన్‌కి చెల్లదు. ప్రాణం మీదికి వచ్చిన పరిస్థితి కానప్పుడు, మేజరైన మనిషి మెలకువ వచ్చేదాకా ఆగి ఆమెనే అడగాలి. ఆమె శరీరం మీద తల్లి సంతకం చెల్లదు. ఫీజు వదులుకోవాలి, 25,000 పరిహారం ఇవ్వాలి. సొమ్ము చిన్నదే. కానీ మంచి ఉద్దేశం అనుమతికి బదులు కాదన్న మాట డాక్టర్ల లోకానికి మింగుడుపడనిది.

ఈ తీర్పు మనకు ఇంకాస్త దగ్గరగా తగలాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరుసలో ఉన్నాయి. ముప్పయ్యేళ్ళు దాటగానే "సంచి తీసేయించుకో, గోల వదిలిపోతుంది" అని సలహా ఇచ్చే ఊళ్ళు మనవి. వాళ్ళలో ఎంతమందికి మరో మార్గం ఉందని చెప్పి ఉంటారు? చెప్పాల్సింది నాలుగు సంగతులు: జబ్బేమిటి, చేయబోయేదేమిటి, ప్రమాదాలేమిటి, చేయించుకోకపోతే ఏమవుతుంది, ఇంకో దారేమైనా ఉందా. లెక్కకు అయిదయ్యాయి, పర్వాలేదు. అవి చెప్పకపోతే కింద ఎన్ని సంతకాలున్నా చట్టం దృష్టిలో అంగీకారం లేనట్టే.

అబార్షన్‌కి భర్త సంతకం కావాలని పట్టుబట్టే ఆసుపత్రులు ఇప్పటికీ ఉన్నాయి. 1971 చట్టం మేజరైన స్త్రీ అంగీకారం ఒక్కటే చాలన్నది. అక్కరలేనిచోట రెండో సంతకం అడుగుతారు, కావాల్సినచోట రోగి సంతకమే ఉండదు.

రెండోది కేస్ షీట్. రౌండ్స్‌లో రోజూ "సీఎస్‌టీ", పాత చికిత్సే కొనసాగించండి అని మూడక్షరాలు గీసి వెళ్ళే అలవాటు మీకు తెలుసు. బీపీ ఎంత, ఎన్ని గంటలకు చూశారు, రాత్రి నర్సు పిలిస్తే ఎవరొచ్చారు, ఏమీ ఉండదు. రోగి చనిపోయాక మర్నాడు ఒకే సిరాతో మొత్తం నింపుతారు. జడ్జీకి వైద్యం తెలియకపోవచ్చు, సిరా తెలుసు. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం రికార్డులు మూడేళ్ళు దాచాలి, రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. 2023 ఆగస్టులో కొత్త నిబంధనలు వచ్చి, ఆ నెల తిరక్కుండానే నిలిచిపోవడంతో ఏవి అమల్లో ఉన్నాయో కూడా చాలామందికి తెలియని అయోమయం ఏర్పడింది. పాతవే మళ్ళీ అమల్లోకి వచ్చాయి. బిల్లు కట్టలేదని కేస్ షీట్ బిగబట్టే యాజమాన్యాలు ఈ 72 గంటల సంగతి గుర్తుంచుకోవాలి. కాగితాలు ఇవ్వకపోవడమే సేవాలోపంగా తేల్చిన తీర్పులు ఉన్నాయి.

మన హైదరాబాద్ కేసు ఒకటి దేశమంతా ఉదహరిస్తారు. 2002 జూలైలో, స్వయంగా మలేరియా విభాగంలో పనిచేసే ఒక ఉద్యోగి, చలితో వచ్చిపోయే జ్వరంతో ఉన్న భార్యను ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాడు. అక్కడ టైఫాయిడ్‌కి మందులిచ్చారు. పరిస్థితి విషమించాక వేరే ఆసుపత్రికి మార్చినా ప్రాణం దక్కలేదు. ఆయన వినియోగదారుల ఫోరానికి వెళ్ళాడు. మలేరియాకి తాను చికిత్స చేయలేదని ఆసుపత్రి తరఫు డాక్టరే సాక్ష్యంలో చెప్పారు. జిల్లా ఫోరం రెండు లక్షల పరిహారం ఇచ్చింది. నిపుణుడి సాక్ష్యం లేదని రాష్ట్ర కమిషన్ కొట్టేసింది, జాతీయ కమిషన్ దాన్నే సమర్థించింది. 2010 మార్చిలో సుప్రీంకోర్టు జిల్లా ఫోరం తీర్పునే నిలబెట్టింది. ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం అక్కరలేదు, కాగితాలే మాట్లాడుతున్నప్పుడు మరో సాక్షి ఎందుకు అన్నది దాని సారం. సాటి డాక్టరు మా మీద ఎలాగూ సాక్ష్యం చెప్పడన్న ధీమా ఆ రోజుతో పోయింది. పోయిందని తెలియనివాళ్ళు ఇంకా ఉన్నారు.

నర్సింగ్ విద్యార్థులు ఒక కేసు రాసుకోండి. పసివాడికి డాక్టరు రాసిన ఇంజెక్షన్ ఒకటి, నర్సు ఇచ్చింది మరొకటి. పిల్లవాడి మెదడు దెబ్బతింది, ఇక కోలుకోలేదు. 1998లో సుప్రీంకోర్టు పిల్లవాడికి పన్నెండున్నర లక్షలు, తల్లిదండ్రులకు అయిదు లక్షలు ఆసుపత్రి చెల్లించాలన్నది. నర్సు తప్పుకి ఆసుపత్రి బాధ్యత వహిస్తుంది. అంతమాత్రాన మీ పేరు రికార్డులోంచి పోదు. ఇచ్చిన మందు, మోతాదు, సమయం రాసి సంతకం పెట్టడం మీకు పనిభారంగా కనిపించవచ్చు. రేపు మీ తరఫున మాట్లాడేది ఆ ఒక్క గీతే.

ప్రభుత్వ డాక్టర్లకు ఇంకో నిశ్చింత ఉంది, మాకు కన్స్యూమర్ చట్టం వర్తించదని. 1995 నవంబరు 13 నాటి వి.పి. శాంత తీర్పు అందరికీ పూర్తి ఉచితంగా చేసే ఆసుపత్రిని మినహాయించిన మాట నిజం. డబ్బు కట్టేవాళ్ళు, కట్టనివాళ్ళు ఇద్దరూ వచ్చే ఆసుపత్రిలో ఉచిత రోగి కూడా వినియోగదారుడే. ఆరోగ్యశ్రీ రోగి డబ్బు కట్టలేదు కదా అని తేలిగ్గా చూసే కార్పొరేట్ ఆసుపత్రులు ఇది చదువుకోవాలి. ఇక పూర్తి ప్రభుత్వాసుపత్రికి సివిల్ కోర్టు ఉండనే ఉంది. ఔరంగాబాద్ ప్రభుత్వాసుపత్రిలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసి కడుపులో గుడ్డ మరిచిపోతే, 1996లో సుప్రీంకోర్టు ప్రభుత్వమే బాధ్యత వహించాలన్నది.

స్కానింగ్ సెంటర్ల వాళ్ళ గురించి ఒక్కమాట. లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద గర్భిణుల స్కానింగ్‌కి నింపే ఫారం ఎఫ్‌లో ఖాళీలు వదలడం గుమాస్తా పొరపాటు కాదు, నేరమేనని 2019 మేలో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఇక్కడ మీ భయం సరైన చోటే ఉంది, అలాగే ఉండనివ్వండి.

చట్టం ఇంత చెబితే డాక్టర్లు ప్రతిదానికీ స్కాన్లు, పరీక్షలు రాసి తమను కాచుకుంటారు, ఖర్చు రోగి మీద పడుతుంది అని కొందరు మిత్రులు అంటారు. ఈ అభ్యంతరం నేను తేలిగ్గా తీసుకోను. కానీ అక్కరలేని పరీక్షలు రాయించేది సగం తెలిసిన చట్టం. చట్టం అడిగేది సగటు జాగ్రత్త, సరైన ఫలితం కాదు. పది స్కాన్ల కంటే, ఎందుకు ఈ మందు ఇచ్చానో కేస్ షీట్లో రాసిన రెండు వాక్యాలు కోర్టులో ఎక్కువ కాపాడతాయి.

తప్పంతా డాక్టర్లదేనా? చదువు ఎలా ఉందో చూడండి. ఫోరెన్సిక్ పరీక్ష ఫైనలియర్ రాకముందే అయిపోతుంది. మొదటిసారి రోగి మీద చేయి వేసే హౌస్‌సర్జన్ నాటికి సెక్షన్లన్నీ మరిచిపోతాడు. 2019 నుంచి నీతి, సంభాషణ గురించి ఒక పాఠ్యాంశం పెట్టారు, మంచిదే. అయిదేళ్ళకు 30 గంటల నిరంతర విద్య ఉండాలని నిబంధన. ఆ గంటలు చాలావరకు మందుల కంపెనీల ఖర్చుతో హోటళ్ళలో గడుస్తాయి. అందులో గంటైనా చట్టానికి కేటాయించమని మెడికల్ కౌన్సిల్ ఆదేశిస్తే కాదనేవాళ్ళు ఎవరు?

ఈ సభలో ఆసుపత్రుల యజమానులు ఉన్నారు, ప్రభుత్వ సూపరింటెండెంట్లు ఉన్నారు. మీకు నా విన్నపాలు ఇవి. మీ అంగీకార పత్రాలు తెలుగులో రాయించండి. ఉర్దూ మాట్లాడే రోగులు వచ్చేచోట ఉర్దూలో, తండాల నుంచి వచ్చేవాళ్ళుంటే వాళ్ళ భాష తెలిసిన మనిషిని పక్కన పెట్టుకుని చదివి వినిపించండి. ఎవరు వినిపించారో ఆ పేరు కూడా కాగితం మీద ఉండాలి. ఆపరేషన్ పేరు రాయకుండా ఏ రోగి చేతా సంతకం పెట్టించవద్దు. నెలకొకసారి మరణాల సమీక్షలో ఒక కేస్ షీట్ తీసి, దీంతో కోర్టుకి వెళ్తే నిలబడతామా అని డాక్టర్లు, నర్సులు కలిసి చదవండి. 1989, 2005 తీర్పుల ఆదేశాలు ఒక పేజీలో తెలుగులో అచ్చువేయించి, ఒక ప్రతి మీ క్యాజువాలిటీ గోడకి అంటించండి, ఇంకో ప్రతి మీ స్టేషన్ ఎస్సైకి మీరే తీసుకెళ్ళి ఇవ్వండి. వచ్చే ఏడాది ఈ ఉపన్యాసానికి వచ్చేటప్పుడు ఆ తెలుగు అంగీకార పత్రం ఒకటి వెంట తీసుకురండి, ఈ వేదిక మీదే చదువుదాం.